ఖర్చుకు కళ్లెం వేశాకే కొత్త కంపెనీలు ఎందుకొచ్చాయి?

2026 సీజన్‌తో ఫార్ములా వన్‌లో టీమ్‌లు 11, కార్లు 22 అయ్యాయి. ఆడి, కాడిలాక్ కొత్తగా దిగాయి. 2004లో వెళ్లిపోయిన ఫోర్డ్, రెడ్‌బుల్ ఇంజిన్ విభాగంతో చేతులు కలిపి తిరిగొచ్చింది. ఇక సెలవంటూ 2020లో ప్రకటించిన హోండా ఆస్టన్ మార్టిన్‌కు ఇంజిన్లు ఇస్తోంది. ఈ వార్తలు చూసి మెకానికల్, ట్రిపుల్‌ఈ చదివే తమ్ముళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: ‘అన్నా, కంపెనీలు పెరిగాయంటే ఉద్యోగాలూ పెరిగినట్టేగా? లోన్ పెట్టి యూకేలో మోటార్‌స్పోర్ట్ ఎమ్మెస్సీ చేసేయొచ్చా?’

లోన్ సంగతి తర్వాత. ముందు ఆ కంపెనీలు ఎందుకొచ్చాయో చూడండి.

2008 చివర్లో ప్రపంచమంతా మాంద్యంలో ఉన్నప్పుడు హోండా రాత్రికి రాత్రే ఎఫ్‌వన్ వదిలేసింది. మరుసటి ఏడాది బీఎండబ్ల్యూ, టొయోటా కూడా వెళ్లిపోయాయి. గెలవాలంటే ఎంత ఖర్చవుతుందో ముందుగా చెప్పగలిగేవాళ్లు లేరు. పక్క టీమ్ ఇంకో విండ్ టన్నెల్ కడితే మీరూ కట్టాలి. బోర్డు మీటింగ్‌లో ‘ఈ ఖర్చుకు హద్దెక్కడ?’ అంటే జవాబు ఉండేది కాదు.

అప్పుడే, 2009లో, 4 కోట్ల పౌండ్ల పరిమితి పెడతామని ప్రతిపాదించారు. పెద్ద టీమ్‌లు ఎదురు తిరగడంతో అది అటకెక్కింది. కానీ తక్కువ ఖర్చుతో నెట్టుకురావచ్చన్న లెక్కతో వచ్చిన మూడు చిన్న టీమ్‌లు 2010లో బరిలో దిగేశాయి. అందులో ఒకటి మన కరుణ్ చందోక్, ఆ తర్వాత నరైన్ కార్తికేయన్ నడిపిన హెచ్‌ఆర్‌టీ. అది 2012తో మూతపడింది. మిగతా రెండూ పేర్లు మార్చుకుంటూ కొన్నేళ్లు లాగి, అదే దారి పట్టాయి. మాట నమ్మి వచ్చినవాళ్లే మునిగారు.

నిజమైన పరిమితి 2021లో వచ్చింది. మొదట 17.5 కోట్ల డాలర్లు అనుకున్నారు. కొవిడ్ దెబ్బకు 14.5 కోట్లకు దించారు, తర్వాత రెండేళ్లలో 13.5 కోట్లకు తెచ్చారు (రేసుల సంఖ్య, ద్రవ్యోల్బణాన్ని బట్టి సర్దుబాట్లు వేరే). 2026లో అంకె 21.5 కోట్లకు పెరిగింది. అది చూసి గేట్లు ఎత్తేశారనుకోకండి. ఇంతకుముందు లెక్కలోకి రాని చాలా ఖర్చుల్ని ఇప్పుడు లోపలికి తెచ్చారు. ఇంజిన్ తయారీదారులకు వేరే పరిమితి ఉంది. 2023లో 9.5 కోట్ల డాలర్లున్న అది ఈ ఏడాది 13 కోట్లు. కొత్తగా వచ్చే ఇంజిన్ కంపెనీలకు కొంత అదనపు వెసులుబాటు కూడా ఇచ్చారు.

ఆడిని ఒప్పించిన వాటిలో ఇదొకటి. ఎంత ఖర్చవుతుందో ముందే తెలుస్తుంది, ఎదుటివాడు కూడా అంతకు మించి పెట్టలేడు. ఇంకోటి ఇంజిన్ రూల్. ఎంజీయూ–హెచ్ అనే ఖరీదైన, కొత్తవాళ్లకు కొరుకుడుపడని భాగాన్ని తీసేశారు. ఎలక్ట్రిక్ మోటార్ శక్తిని 120 నుంచి 350 కిలోవాట్లకు పెంచారు. అంటే కారు బలంలో దాదాపు సగం కరెంటుదే. షోరూముల్లో ఈవీలు అమ్ముకునే కంపెనీలకు ఇంతకన్నా ఏం కావాలి?

అందరికీ ఇది కలిసొచ్చిందా అంటే, లేదు. రెనో తన ఫ్రాన్స్ ఫ్యాక్టరీలో ఎఫ్‌వన్ ఇంజిన్ల పని ఆపేసింది. దాని సొంత టీమ్ ఆల్పైన్ ఇప్పుడు మెర్సిడెస్ ఇంజిన్ కొనుక్కుంటోంది.

ఇప్పుడు మన విషయానికొద్దాం. పరిమితి బయట ఉండేవి డ్రైవర్ల జీతాలు, ఎక్కువ జీతం తీసుకునే ముగ్గురు ఉద్యోగుల జీతాలు, మార్కెటింగ్ లాంటివి. రేసు కారు మీద పనిచేసే మామూలు ఇంజినీరు జీతం లోపలే ఉంటుంది. డ్రైవర్ గోడకు గుద్ది ముందు రెక్క విరగ్గొట్టినా అదీ ఆ పద్దులోనే పడుతుంది. 2021లో రెడ్‌బుల్ గీత దాటింది. లెక్క తప్పిన పద్దుల్లో క్యాంటీన్ భోజనాల ఖర్చు కూడా ఉంది! 70 లక్షల డాలర్ల జరిమానా పడింది, ఏరో పరీక్షల్లో 10 శాతం కోత పడింది. అందుకే పెద్ద టీమ్‌లు మునుపటిలా విచ్చలవిడిగా మనుషుల్ని తీసుకోవడం లేదు. పరిమితి వచ్చాక మెర్సిడెస్ కొందరిని రేసింగ్ పడవ డిజైన్ పనికి పంపింది. ఫెరారీ కొందరిని హాస్ టీమ్‌కు ఇచ్చింది.

కాబట్టి నా అంచనా ఇది. కారు బాడీ, ఏరోడైనమిక్స్ వైపు పోటీ మునుపటికన్నా కఠినం. మోటార్ కంట్రోల్, పవర్ ఎలక్ట్రానిక్స్, బ్యాటరీ, సాఫ్ట్‌వేర్ వైపు కాస్త సందు ఉంది. పైగా ఎఫ్‌వన్‌లో చోటు దొరక్కపోయినా, ఇదే నైపుణ్యం మన దగ్గర ఈవీ కంపెనీలకు, బెంగళూరు, హైదరాబాద్‌లలోని ఆటో ఆర్‌అండ్‌డీ సెంటర్లకు పనికొస్తుంది. ఏరో ఒక్కటే నేర్చుకుంటే ఆ సౌకర్యం అంతగా ఉండదు.

ఇంకో మాట. కోయంబత్తూరులో జరిగే ఫార్ములా భారత్‌కు మా కాలేజీ కారు తీసుకెళ్లినప్పుడు, కాస్ట్ రిపోర్ట్‌ను జూనియర్లకు అప్పగించి మేమంతా చాసిస్ చుట్టూ తిరిగాం. బోల్టు ఎందుకు అంత రేటని జడ్జి అడిగితే నోరు పెగల్లేదు. మార్కులు అక్కడే పోయాయి. ‘ఈ భాగాన్ని 200 గ్రాములు తగ్గించాను’ అనే రెజ్యూమెలు బోలెడు. ‘ఇంత ఖర్చులో తగ్గించాను’ అని రాసేవాళ్లే తక్కువ. మీ టీమ్‌లో ఆ రిపోర్ట్ ఎవరూ తీసుకోకపోతే మీరు తీసుకోండి.

లోన్ సంతకానికి ముందు ఒక సాయంత్రం కేటాయించి టీమ్‌ల కెరీర్ పేజీలు తెరవండి. మీ బ్రాంచ్‌కు సరిపోయే ఉద్యోగాలెన్ని, అందులో వర్క్ పర్మిట్ ముందే ఉండాలన్నవెన్ని అని కాగితం మీద రాసుకోండి. ఆడి కారు తయారయ్యేది స్విట్జర్లాండ్‌లోని హిన్విల్‌లో, ఇంజిన్ జర్మనీలోని న్యూబర్గ్‌లో. యూకే డిగ్రీతో వచ్చే వీసా ఆ రెండు చోట్లా చెల్లదు.