సముద్రం లేని చోట ఫ్రెంచి బురుజులు

1759లో ఫ్రెంచివారి నుంచి ఇంగ్లీషువారి చేతికి చిక్కి బందరు కోట చరిత్రకెక్కింది. ఫ్రెంచి ఆనవాళ్ల కోసం ఇచ్చోడ వాళ్లు అంత దూరం పోనక్కర్లేదు. 44వ జాతీయ రహదారిపై మహబూబ్ ఘాట్ దిగితే నిర్మల్. 18వ శతాబ్దంలో ఫ్రెంచి ఇంజినీర్ల పర్యవేక్షణలో లేచిన శ్యామ్‌గఢ్, బత్తీస్‌గఢ్ కోటలు అక్కడివే. జగిత్యాల కోటదీ అదే పనితనం: నక్షత్రాకారం, చుట్టూ నీటి కందకం. గోడ దగ్గరికి ఏ మూల నుంచి వచ్చినా శత్రువు పక్క బురుజు గురిలో పడాల్సిందే. అంత లెక్కతో కట్టారు! ఇక ఉట్నూరు గోండు కోట సరేసరి, అది ఈ నేల సొంత బిడ్డ. ఈ కోటల దగ్గర పురావస్తు శాఖ ముందుగా ముళ్లపొదలు కొట్టించాలి, హద్దురాళ్లు పాతాలి, కావలి పెట్టాలి. రంగుదీపాలు, సెల్ఫీ పాయింట్లు తర్వాత చూసుకోవచ్చు.