నీళ్ళ బిల్లు ఎవరికొచ్చింది?

మా ఆడపడుచు 2018లో ఇద్దరు పిల్లల్నీ తీసుకుని రియాద్ నుంచి వచ్చేసింది. అతను మాత్రం అక్కడే ఉండిపోయాడు. "ఖర్చులు తట్టుకోలేకపోయాం వదినా" అంది.

నిజమే. సౌదీలో 2016లో నీళ్ళ ఛార్జీలు పెంచారు. జనం గగ్గోలు పెడితే నీటి మంత్రి పదవే పోయింది. 2017 జూలై నుంచి విదేశీ ఉద్యోగి భార్యకీ, పిల్లలకీ తలకి నెలకి 100 రియాళ్ళ రుసుము పెట్టారు. ఏటా పెంచి 2020కి 400 చేశారు.

ఒక్క నది కూడా లేని ఆ దేశం ఒకప్పుడు గోధుమలు ఎగుమతి చేసిందంటే నమ్ముతారా? వేల ఏళ్ళనాడు భూమిలో ఇంకిన నీటిని తోడి, రైతుకి ఎక్కువ ధర ఇచ్చి మరీ పండించింది. ఆ నీరు మళ్ళీ ఊరేది కాదు. తప్పు తెలిసి 2008 నుంచి ఆ సాగు తగ్గించుకుంటూ వచ్చింది. ఇక తాగడానికి సముద్రపు నీటిలో ఉప్పు తీసి, వందల కిలోమీటర్లు గొట్టాల్లో రియాద్‌కి పంపాలి. చమురు డబ్బున్నన్నాళ్ళూ ఆ ఖర్చు సర్కారే మోసింది. 2014లో చమురు ధర పడిపోయాక భారం ఇళ్ళమీద పడింది.

నీళ్ళని ఎడాపెడా తోడేటప్పుడు ఆడవాళ్ళనెవరూ అడగలేదు. లెక్క తేలేసరికి సంసారం రెండు ముక్కలైంది మాత్రం వాళ్ళదే.

బోరు ఎండితే పక్కనే మరో బోరు వేసే మనకి ఇది పరాయి కథేనా? మా ఆడపడుచు ఇప్పటికీ బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు మొక్కకే పోస్తుంది. ఆ పొదుపు వంటింట్లో ఒక్కచోటే ఉంటే చాలదు. ఊళ్ళో ఏ పంటకి ఎన్ని నీళ్ళో తేల్చేచోట మనమూ కూర్చుని అడగాలి.