బొమ్మల పుస్తకము రైతుకు పనిముట్టే



నాగలి, గుంటక, కొడవలి ఎట్లో, మొక్కను గుర్తుపట్టుటకు బొమ్మల పుస్తకము కూడ అట్లే ఒక పనిముట్టు అని నా అభిప్రాయము. ఈ మాటకు కొందరు నవ్వవచ్చును. "మా చెలకలో మొలచినది మాకు తెలియదా?" అని అడుగవచ్చును. తాతల నాటి పంటలు, తాతల నాటి కలుపు మాత్రమే ఉన్న దినములలో ఆ ప్రశ్న సమంజసమే. ఇప్పుడు గద్వాల చేలలో సంకర ప్రత్తి విత్తనమునకై వేయు ఆడ, మగ వరుసలున్నవి. నాగర్‌కర్నూలు చెలకలలో ఏటేట కొత్త ఆముదపు రకములున్నవి. మొక్కజొన్నలో 2018కి పూర్వము ఈ దేశములో ఎవరును చూచి యెరుగని కత్తెర పురుగున్నది. వీని సంగతి తాత చెప్పలేదు, ఆయన వీనిని చూచి యుండలేదు గనుక.

అమెరికాలో డేలిల్లీ అను పూలమొక్కను ప్రాణముగా చూచుకొను తోటమాలులు కలరు. చీనా, జపాను ప్రాంతములు దాని పుట్టిల్లు. ఒక్కొక్క పువ్వు ఒక్క దినమే ఉండును. మరునాటికి వేరొక మొగ్గ విచ్చును. 1934లో న్యూయార్కు వృక్షోద్యానమునకు చెందిన స్టౌట్ అను శాస్త్రజ్ఞుడు దీనిని గూర్చి బొమ్మలతో ఒక గ్రంథము వెలువరించెను. 1946లో తోటమాలులు ఒక సంఘముగా ఏర్పడిరి. కొత్త రకము పుట్టించినవారు దాని పేరు, మొక్క ఎత్తు, పువ్వు వెడల్పు, పూయు కాలము, రంగు, తల్లిదండ్రుల పేర్లు ఆ సంఘమువద్ద నమోదు చేయింతురు. ఆ పట్టికలో నేడు లక్షకు పైగా రకములు కలవు. వీనిని గుర్తుపట్టుటకు రంగుల బొమ్మల పుస్తకములు ఎన్నియో అచ్చైనవి. పూటకు వాడిపోవు పువ్వు విషయమున ఇంత శ్రద్ధ! వారిని వెక్కిరించుటకు ఈ మాట అనుట లేదు. అందమునకు పెంచు మొక్కకు జరిగినది, అప్పు తెచ్చి విత్తు మొక్కకు మన భాషలో ఏల జరుగలేదని అడుగుచున్నాను.

అట్లని వారి పుస్తకములన్నియు మేలైనవని అనుకొనరాదు. ఒకే డేలిల్లీ చల్లని చోట ముదురు రంగున, ఎండ మిక్కుటమైన చోట వెలిసినట్లు పూయును. ఉదయము తీసిన ఛాయాచిత్రమునకు, సాయంకాలము తీసినదానికి పోలిక ఉండదు. బొమ్మను మాత్రమే నమ్మినవాడు ఒక దానికి మరొక దాని పేరు పెట్టును. కావున వివేకము గల గ్రంథకర్తలు బొమ్మ ప్రక్కనే కొలతలు కూడ వ్రాయుదురు. మనము పుస్తకము వేసికొన్నను ఈ పద్ధతినే అనుసరింపవలయును.

ఇక మన ఆముదము. నాగర్‌కర్నూలు జిల్లా పాలెములోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానమునుండి క్రాంతి, హరిత, కిరణ్ మొదలగు రకములు వచ్చినవి. గింజను చూచి రకము చెప్పుట కష్టము. మొక్క నిలబడిన తర్వాత మాత్రము అది తన గుర్తులను తానే చూపును. కాండము ఎర్రనిదా, ఆకుపచ్చనిదా అనునది మొదటి గుర్తు. తర్వాత దానిమీది తెల్లని మైనపు పూత. వ్రేలితో రాచిన అది చేతికంటును. కొన్ని రకములలో ఈ పూత అసలే ఉండదు. కొన్నింట కాండముమీద మాత్రము, కొన్నింట ఆకు అడుగున కూడ, మరికొన్నింట ఆకు పైభాగమున సైతము ఉండును. కాయకు ముళ్లున్నవా, నున్ననిదా చూడవలెను. మొదటి గెల వేయునప్పటికి కాండముపై ఎన్ని కణుపులున్నవో లెక్కింపవలెను. ఈ నాలుగు గుర్తులు తెలిసిన రైతు చేనిలో నడచుచునే కల్తీని పట్టగలడు. తెలియని రైతు, ఎండు తెగులును తట్టుకొను రకమని కొన్న విత్తనములో తట్టుకొనలేనిది కలిసినను, మొక్కలు వడలి నిలువున ఎండిన తర్వాతనే మేల్కొనును. అప్పుడు దుకాణమువానితో తగవు పెట్టుకొన్నను సాక్ష్యమేది? ఎండిన కట్టె ఏ రకమో ఎవరు చెప్పగలరు? మొక్క పచ్చగా నున్నప్పుడే పుస్తకముతో సరిచూచి, గుర్తులు వ్రాసి, వ్యవసాయ విస్తరణాధికారిచే సంతకము చేయించుకొన్నవాని ఫిర్యాదునకు బలముండును.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో ఈ అవసరము ఇంకను తీవ్రమైనది. అచట సంకర ప్రత్తి విత్తనము పండించు రైతులు మధ్యాహ్నమునుండి మొగ్గలు విప్పి కేసరములు తీసివేయుదురు. మరునాటి ఉదయము మగ మొక్కల పుప్పొడి తెచ్చి అద్దుదురు. ఇంటిల్లిపాది కూలీలతో పాటు నెలల తరబడి శ్రమించు పని ఇది. ఇంతయు చేసిన పిదప విత్తనమును మొలిపించి, పెంచి, స్వచ్ఛత పరీక్షింతురు. అందులో తప్పినచో సరకు తిరస్కరింపబడును. అప్పు మాత్రము మిగులును. తప్పుటకు గల కారణములలో ఒకటి, వరుసలలో కలిసిన కేళీలను పూతకు ముందే, లేదా తొలి పూతలోనే పెరికివేయకపోవుట. కేళీని గుర్తించుటెట్లు? రేకు రంగు మీగడవలెనున్నదా, పసుపా. రేకు అడుగున ఎర్రని మచ్చ కలదా. పుప్పొడి ఏ రంగు. ఆకుమీద నూగు దట్టముగా నున్నదా, పలుచగానా. ఆకు చీలిక లోతెంత, ఇవియే గుర్తులు. విత్తనపు పొలము వేయించువారు ఆడ మొక్క, మగ మొక్క గుర్తులను బొమ్మలతో తెలుగులో అచ్చువేసి, విత్తుటకు ముందే రైతుచేతికి ఇచ్చుట న్యాయము. ఏ గుర్తును బట్టి తన పంటను తిరస్కరింతురో ఆ గుర్తు రైతునకు ముందుగా తెలియకుండుట ఏమి ధర్మము?

వనపర్తి వైపు వేరుశనగ చేలలో పసుపు రంగు మరొక చిక్కు. నత్రజని చాలనప్పుడు క్రింది ముదురాకులు ముందు పసుపెక్కును. ఇనుము చాలనప్పుడు కొన లేతాకులు పసుపెక్కి, ఈనెలు మాత్రము పచ్చగా నుండును. మొదటిదానికి యూరియా, రెండవదానికి అన్నభేది పిచికారి. పుస్తకములో ఒక్క ఆకు బొమ్మ వేసిన లాభము లేదు; అది క్రింది ఆకో, పై ఆకో తెలియదు కదా! మొక్క మొత్తము చూపవలెను. చాల కరపత్రములలో ఈ లోపము నేను చూచుచున్నాను. అందమైన ఆకును దగ్గరగా తీసి అచ్చువేయుదురు. రైతు దానిని పట్టుకొని దుకాణమునకు పోయి యూరియా బస్తా తెచ్చుకొనును.

నల్లమల అంచున నున్న గ్రామములవారికి నాభి సంగతి చెప్పవలసియున్నది. అగ్నిశిఖ అని కూడ దీనికి పేరు. వానలకు పొదలపై అల్లుకొనును. పువ్వు తొలుత ఆకుపచ్చ కలిసిన పసుపుగా విచ్చి, దినములు గడచిన కొలది నారింజ, ఎరుపు రంగులకు తిరుగును. రేకులు వెనుకకు మడిచి మంటవలె నిలుచును. దుంప నాగలి ఆకారమున వంగియుండుటచే సంస్కృతమున లాంగలి అన్నారు. మొక్క అంతయు విషమే, దుంప మరింత విషము. దీనిని తినదగిన దుంప అనుకొని ప్రాణము మీదికి తెచ్చుకొన్న సంఘటనలు వైద్యగ్రంథములకెక్కినవి. పువ్వు లేని దినములలో దీనిని ఎట్లు పోల్చవలెను? ఆకు కొన చూడవలెను. అది సన్నని తీగగా సాగి చుట్ట చుట్టుకొని, పొదను పట్టుకొనును. ఈ ఒక్క గుర్తు బొమ్మలో స్పష్టముగా వేసిన చాలును. ఇప్పుడు పువ్వు బొమ్మ మాత్రమే వేయు పుస్తకములు చాల కలవు. దుంప త్రవ్వువానికి అవి ఎందుకు? చెంచులకు ఈ పుస్తకము అవసరము లేదనుట నిజమే. వారికి తెలిసినది పుస్తకమున చేరుట మనకు అవసరము.

ఇట్టి గ్రంథములు తెలుగు నేలకు కొత్తవి కావు. సామర్లకోటలో నివసించి మొక్కలను పరిశీలించిన రాక్స్‌బర్గు దొర కోరమాండల్ తీరపు మొక్కలపై వ్రాసిన గ్రంథము 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా లండనులో అచ్చైనది. అందు 300 చిత్రములు కలవు. కొమ్మను పూర్తిగా వేసి, క్రింద పువ్వును విప్పి భాగములను వేరువేరుగా చూపిరి. తెలుగు పేర్లను కూడ చేర్చిరి. నల్లమలలోనున్న సోమి చెట్టు శాస్త్రనామము సోయ్మిడా మన తెలుగు పేరునుండియే వచ్చినది. బొమ్మలు వేసినవారు ఈ దేశపు చిత్రకారులే అయినను, వారి పేర్లు మాత్రము గ్రంథమున కానరావు. ఆ సంపుటములు ధనవంతుల బీరువాలకు చేరినవి. ఆ మొక్కల నడుమ బ్రతికినవారికి అందలేదు. రెండువందల ఏండ్ల తర్వాత కూడ పరిస్థితి పెద్దగా మారలేదు. ఎల్లిస్ గారు నల్లమల వృక్షములపై వ్రాసిన రెండు సంపుటములు 1987, 1990లలో వచ్చినవి. అమూల్యమైనవి, కాని ఆంగ్లమున, శాస్త్రజ్ఞుల పరిభాషలో ఉన్నవి.

"ఇంత సమాచారము ఎవరు సేకరింతురు?" అని అధికారులు అడుగవచ్చును. చాలవరకు సేకరింపబడియే యున్నది. 2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము ప్రకారము ఒక రకము నమోదుకు వచ్చినప్పుడు, దాని లక్షణములను బొమ్మలతో లేక ఛాయాచిత్రములతో ప్రకటింపవలెను. ఆ ప్రకటనలు ఇప్పటికే వెలువడుచున్నవి. మన మూడు జిల్లాలలో విత్తు రకములను వానిలోనుండి ఏరి, తెలుగు చేసి, మనకు తెలిసిన పేర్లతో వేసిన సగము పుస్తకము సిద్ధమైనట్లే. ఆచార్య జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు ప్రకటించు వ్యవసాయ పంచాంగము మంచి గ్రంథము. దానికి ఈ బొమ్మల పుస్తకము తోడుగా నుండవలెను.

చేతిఫోను ఉండగా పుస్తకమెందుకని యువకులు అందురు. ఫోను ఒక పేరు చెప్పును, ఒక్కొక్కప్పుడు సరిగానే చెప్పును. ఏ గుర్తును చూచి చెప్పినదో మాత్రము చాలసారులు చెప్పదు. తప్పు చెప్పినప్పుడు నష్టము భరింపదు. కత్తెర పురుగు తలమీద తలక్రిందులైన ఆంగ్ల వై అక్షరమువంటి గీత ఉండునని, తోకకు దగ్గరగా నాలుగు నల్లని చుక్కలు చతురస్రముగా నుండునని ఒకసారి బొమ్మలో చూచినవాడు ఆ తర్వాత ఫోను తీయనక్కరలేదు.

పుస్తకము పెద్దదిగా నుండనక్కరలేదు. మూడు జిల్లాల పంటలు, కలుపు మొక్కలు, విషపు మొక్కలు, ముఖ్యమైన పురుగులు కలిపి వంద పుటలు చాలును. కొల్లాపురము వైపు మామిడి అంట్లకు నాలుగు పుటలు కేటాయింపవలెను. అంటు నాటి నాలుగైదేండ్లు సాకిన పిదప కాపులో వేరు రకము బయటపడిన రైతు నష్టము ఏ పైరు నష్టమునకును తీసిపోదు. ప్రతి బొమ్మలో కొలతకై ఒక రూపాయి బిళ్ల లేక అగ్గిపెట్టె ఉంచవలెను. ఏ ఊరిలో, ఏ నెలలో తీసినదో క్రింద వ్రాయవలెను. ఛాయాచిత్రములో తెలియని భాగములకు గీతల బొమ్మ వేయింపవలెను. మట్టిచేతులతో త్రిప్పినను చినగని కాగితము వాడవలెను.

రైతువేదికలో ఈ పుస్తకమును బీరువాలో పెట్టి తాళము వేయుటకంటె, బల్లకు గొలుసుతో కట్టి ఉంచుట మేలు. పంచాయతీ కార్యదర్శి వద్ద మరొక ప్రతి ఉండవలెను. చివర పది పుటలు తెల్లగా వదలిపెట్టవలెను. ఊరిలో కొత్త మొక్కయో, కొత్త పురుగో కనబడినప్పుడు దాని బొమ్మ అంటించి, చూచిన తేదీ, చేను ఉన్న చోటు, ఊరివారు పెట్టిన పేరు వ్రాయుటకు ఆ పుటలు. ఏటేట ఉగాదికి ముందు విస్తరణాధికారి వానిని పాలెమునకు తీసికొనిపోయి శాస్త్రజ్ఞులకు చూపి, సరియైన పేరు వ్రాయించి తేవలెను.