అడవి బడికి వెళ్ళిన మన అమ్మాయి

మన ఆదివారం బడిలో ఒత్తులు, గుణింతాలు దిద్దుకుని పెరిగిన ఒక అమ్మాయి ఈ ఊళ్ళోనే ఉన్న సుల్తాన్ అబ్దుల్ హలీం ఉపాధ్యాయ శిక్షణ కాలేజీలో చదువు పూర్తి చేసింది. ఉద్యోగం వచ్చింది. పోస్టింగ్ కాగితం చూసుకునేసరికి పెరాక్ రాష్ట్రంలో గెరిక్ దాటిన తరువాత, తెమెంగోర్ జలాశయం అవతల, పడవ ఎక్కి వెళ్ళవలసిన ఒక మూలవాసుల గ్రామం. ఆ రోజు వాళ్ళింట్లో పొయ్యి వెలగలేదంటే అతిశయోక్తి కాదు.

"ఏటే అమ్మా, అంత చదువూ చదివి అడవిలోకి ఎలాగెళ్తావే?" అని నాయనమ్మ ఒకటే ఏడుపు. తల్లి మా దగ్గరకు వచ్చి, పోస్టింగ్ మార్పించడానికి ఎవరైనా పెద్దమనిషికి ఉత్తరం రాసి పెట్టమని అడిగింది. దాచుకోవడం ఎందుకు, ఆ ఉత్తరం రాసింది మేమే. ఆడపిల్ల, ఆరోగ్యం అంతంత మాత్రం, ఇంట్లో ముసలివాళ్ళు అంటూ ఒక పేజీ నింపాము. ఆ ఉత్తరం పోస్టులో పడలేదు. అమ్మాయి తీసుకుని చదివి, మడిచి తన బ్యాగులో పెట్టుకుంది. "మాస్టారూ, అక్కడి పిల్లలకు కూడా ఎవరో ఒకరు చేగు ఉండాలి కదా" అన్నది. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

మేము రాసిన ఉత్తరం తప్పని ఇప్పుడు అనిపిస్తోంది. ఎందుకు తప్పో మన తల్లిదండ్రులతోను, ఇంకొన్నేళ్ళలో టీచర్లు కాబోతున్న మన పిల్లలతోను చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు.

ముందుగా, ఆ ఊరివాళ్ళు ఎవరో తెలుసుకుందాం. మలేసియా ద్వీపకల్పంలోని మూలవాసులను ఓరాంగ్ అస్లీ అంటారు. వారిలో 18 తెగలున్నాయి. అందరూ కలిసి సుమారు రెండు లక్షల మంది. వారిని పూర్వం పిలిచే 'సకై' అన్న మాట చిన్నచూపుతో అనే మాట. మన ఇళ్ళలో పెద్దవాళ్ళ నోట అది ఇప్పటికీ వినబడుతోంది. దయచేసి మానేద్దాం. వారు ఎక్కడో దూరాన ఉన్నవారు కూడా కాదు. మన కెడా రాష్ట్రంలోనే, బాలింగ్ దగ్గర లుబుక్ లెగోంగ్ గ్రామంలో కెన్సియు తెగవారు నివసిస్తున్నారు. కువాలా కెటిల్ మీదుగా బాలింగ్ వెళ్ళే దారిలో మనం ఎన్నిసార్లు దురియన్లు కొనుక్కుని వెనక్కి రాలేదు? వారి సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

మన అమ్మాయి వెళ్ళిన చోట ఉన్నవారు జహాయ్ తెగవారు. 1970లలో తెమెంగోర్ ఆనకట్ట కట్టినప్పుడు ఆ లోయలన్నీ నీట మునిగాయి. జహాయ్, తెమియార్ కుటుంబాలను చాలావాటిని వేరే చోట్లకు తరలించారు. ఈరోజు తూర్పు పడమర రహదారి మీద వంతెన దగ్గర కారు ఆపి మనం ఫోటోలు తీసుకునే ఆ అందమైన సరస్సు అడుగున వారి పాత ఊళ్ళున్నాయి. మూలవాసుల బడులు 1995 దాకా మూలవాసుల శాఖ కింద నడిచి, ఆ తరువాత విద్యా మంత్రిత్వ శాఖ చేతికి వచ్చాయి. అప్పటినుంచి మామూలుగా శిక్షణ పొందిన టీచర్లు అక్కడికి వెళుతున్నారు. ఎక్కువమంది బయటివారే. పిల్లల భాష రాదు.

అమ్మాయి మొదటి సెలవులకు వచ్చినప్పుడు చెప్పిన కబుర్లు వింటే నవ్వూ వచ్చింది, దిగులూ వేసింది. జలగలకు మొదటి వారం హడలిపోయిందట, రెండో వారం నుంచి ఉప్పు మూట జేబులో పెట్టుకుని తిరిగిందట. ఫోను పలకాలంటే ఒక దిబ్బ ఎక్కాలి. అక్కడ కూడా గాలి అటు వీస్తేనే అని దాని ఛలోక్తి. రాత్రి ఏనుగుల చప్పుడు వినబడితే టీచర్ల గదుల్లో ఎవరూ బయటకు రారు. అమ్మ కట్టి ఇచ్చిన ఆవకాయ జాడీ నెలరోజుల్లో ఖాళీ. ఈ కష్టాలు ఎవరికైనా ఆరు నెలల్లో అలవాటైపోతాయి. ఇటువంటి బడులను ప్రభుత్వం దూరాన్ని బట్టి వర్గాలుగా విభజించి, టీచర్లకు ప్రత్యేక భత్యం కూడా ఇస్తుంది. అమ్మాయిని నిజంగా ఏడిపించింది వేరే సంగతి. మొదటి నెల తన తరగతిలో ఒక్క పిల్ల కూడా నోరు తెరవలేదట.

పాఠం మలయ్ భాషలో. పిల్లలు ఇంట్లో మాట్లాడేది జహాయ్. మాట్లాడేవారు మొత్తం సుమారు వెయ్యి మంది ఉండే భాష అది. ప్రశ్న అడిగితే తల దించుకుంటారు. గొంతు పెంచితే మరునాడు బడికి రారు. పళ్ళ కాలం వస్తే తల్లిదండ్రులతో అడవిలోకి పోయి వారాల తరబడి కనబడరు. హాజరు పట్టీ నిండా సున్నాలు. "ఈ పిల్లలకు చదువు మీద ఆసక్తి లేదు" అని రాసేయడం తేలిక. అలా రాసి బదిలీ కోరుకునేవారూ ఉంటారు. వారిని కూడా మేము నిందించము, ఒంటరితనం చెడ్డది.

ఆమె ఏం చేసిందంటే, సాయంత్రం పూట వంట చేసే ఆవిడ పక్కన కూర్చుని రోజుకు ఐదు మాటలు నేర్చుకుని నోటు పుస్తకంలో తెలుగు అక్షరాలతో రాసుకోవడం మొదలుపెట్టింది. మలయ్ రాసే ఇంగ్లీషు అక్షరాలలో ఆ ధ్వనులు ఇమడడం లేదట, తెలుగులో కొంత నయమట! మర్నాడు తరగతిలో ఆ మాటలు పలికితే పిల్లలు పగలబడి నవ్వారు. ఉచ్చారణ అంత అధ్వాన్నంగా ఉందన్నమాట. నోళ్ళు విచ్చుకున్నది ఆ నవ్వుతోనే. ఒక చిన్నవాడు లేచి నిలబడి, చేగు తప్పును దిద్దాడు.

ఆ పిల్లలకు రాని సంగతులు ఎన్ని ఉన్నాయో, మనకు రానివి వారికి వచ్చినవి అంతకంటె ఎక్కువే. ఒక ఉదాహరణ చెబుతాము. మనం వాసనలు చెప్పాలంటే మల్లెపూవు వాసన, కిరసనాయిలు వాసన అంటూ వస్తువు పేరు పట్టుకుని చెబుతాం. జహాయ్ భాషలో ఎరుపు, పసుపు అన్నట్టుగా వాసనలకే విడిగా పేర్లున్నాయి. పెట్రోలు, పొగ, గబ్బిలాల రెట్ట, ఇవన్నీ ఒకే మాట కిందికి వస్తాయి. పులిని రప్పించే నెత్తుటి వాసనకు వేరే మాట ఉంది. అసిఫా మాజిద్, నిక్లస్ బురెన్‌హల్ట్ అనే పరిశోధకులు దీన్ని పరీక్షించి 2014లో ప్రకటించారు. ఇంగ్లీషు మాట్లాడేవారు వాసనల పేర్లు చెప్పలేక తడబడితే, జహాయ్‌లు రంగుల పేర్లు చెప్పినంత సులువుగా చెప్పారు. అలాంటి పిల్లవాడికి మన పరీక్షలో సున్నా వచ్చిందంటే, ఆ పరీక్ష అడగని సంగతులు ఎన్నో ఉన్నాయన్నమాట.

టీచరుకూ పిల్లలకూ మధ్య మాట లేకపోతే దాని స్థానంలో భయం వచ్చి కూర్చుంటుంది. 2015 ఆగస్టులో కెలంతాన్‌లోని గువా ముసాంగ్ ప్రాంతంలో, పోస్ తొహోయ్ బడి హాస్టలు నుంచి ఏడుగురు ఓరాంగ్ అస్లీ చిన్నపిల్లలు అడవిలోకి పారిపోయారు. ఏటిలో స్నానం చేసినందుకు శిక్ష పడుతుందని భయపడ్డారని అప్పట్లో వార్తలు వచ్చాయి. దాదాపు ఏడు వారాల తరువాత ఇద్దరే ప్రాణాలతో దొరికారు. తప్పు ఎవరిదని తేల్చడం మా పని కాదు. అయితే అంత చిన్న పిల్లలకు బడిలో ఉన్న పెద్దవాళ్ళకంటె అడవే నయమనిపించిందే, ఆ మాట మాత్రం టీచరు వృత్తిలో ఉన్న ఎవరినీ నిద్రపోనివ్వదు.

ఇప్పుడు మన సంగతికి వద్దాము. కొత్త ఊళ్ళో చేరిన పంతులు ముందు ఆ ఊరి పిల్లల భాష నేర్చుకోవాలన్నది మన తెలుగువాడు నూరేళ్ళ కిందటే చేసి చూపించిన పని. ప్రతి ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటూ, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారి పటానికి దండ వేస్తాము. ఆయన 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. చుట్టుపట్ల కొండల్లో ఉండే సవరలకు చదువు లేదు, వారి భాష ఎవరికీ పట్టదు. ఆయన తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. తెలుగు లిపిలో సవర వాచకాలు రాశారు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టించారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకున్నారు. అయినా పని మానలేదు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువడ్డాయి.

మనలో చాలామంది తాతముత్తాతలు ఓడ ఎక్కి ఇక్కడి తోటలకు వచ్చింది ఆ శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచే. ఇంకొక చిత్రమైన సంగతి కూడా ఉంది. సవర భాష తెలుగు కుటుంబానికి చెందినది కాదు, ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబానికి చెందినది. జహాయ్, తెమియార్, మన బాలింగ్ కెన్సియు భాషలూ ఆ కుటుంబానివే. అంటే గిడుగువారు చెవులు పోగొట్టుకుని నేర్చుకున్న భాషకు దూరపు చుట్టాలు మన ఇంటికి రెండు మూడు గంటల దూరంలో ఉన్నారు.

పైగా ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకొక భాష అంటే ఏమిటో మనకంటె ఎవరికి తెలుసు? 1923 నాటి కార్మిక చట్టం ప్రకారం ఫెడరేటెడ్ మలయ్ రాష్ట్రాలలో పదిమంది పిల్లలున్న ఎస్టేటుకు బడి ఉండాలి. ఆ బడుల్లో కంగాణియో, గుమాస్తావో పంతులు. తెలుగు బడి లేనిచోట మన పిల్లలు తమిళ బడిలో కూర్చున్నారు. ఈ వాక్యం చదువుతున్న తాతగారూ, మొదటిరోజు పంతులు అడిగింది అర్థం కాక మీరు తల దించుకోలేదా? 1996 విద్యా చట్టం వచ్చాక కూడా 15 మంది పిల్లల తల్లిదండ్రులు కోరితే బడిలో నేర్పవలసిన భాషల్లో చైనీసు, తమిళం ఉన్నాయి. వీలును బట్టి మూలవాసుల భాషలూ ఉన్నాయి. తెలుగు పేరు లేదు. అందుకే మనకీ ఆదివారాలు.

పోస్టింగు మార్పించుకోవడం అన్ని వేళలా తప్పని మేము అనము. నిజమైన జబ్బులు, నిజమైన బాధ్యతలు ఉంటాయి. ఆడపిల్లల భద్రత గురించి అమ్మానాన్నలు బెంగపడటం న్యాయమే, దాని గురించి బడివారిని గట్టిగా అడగాలి. కాని "అడవి మనుషులకు చదువు చెప్పడానికా మా పిల్లను కన్నది" అన్న మాటకు మాత్రం మేము ఇకమీదట ఉత్తరం రాయము.

నాయనమ్మ ఇంకా కోపంగానే ఉంది. అయితే పోయిన సెలవుల్లో మనవరాలు నోటు పుస్తకం తీసి జహాయ్ మాటలు చదువుతుంటే, పక్కన కూర్చుని తనూ పలకబోయిందట. ఇక అమ్మాయి ఈసారి మనల్ని అడిగినవి పెద్ద గీతల నోటు పుస్తకాలు ముప్పై, రంగు పెన్సిళ్ళు, కొద్దిగా ఆవకాయ. పుస్తకాలు, పెన్సిళ్ళు ఇవ్వదలచుకున్న పిల్లలు వచ్చే రెండు ఆదివారాలలో బాలశిక్ష తరగతి టీచరుగారికి అందజేయండి. ఆవకాయ నాయనమ్మ చూసుకుంటానన్నది.