బోరు నీళ్ళు తాగే తండాకి కృష్ణ ఎంత దూరం?

జగ్గయ్యపేట కింద ముక్త్యాల, వేదాద్రి గట్లు ఒరుసుకుంటూ కృష్ణ పోతోంది. పెనుగంచిప్రోలు, కీసర మీదుగా మునేరు పారుతోంది. మెట్ట పొలాలకి సాగర్ ఎడమ కాలవ ఉంది. ఇదే మెట్టలో, ఇప్పటి ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలంలో, లంబాడీ తండాలు ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు తాగాయి, కిడ్నీ జబ్బుతో మనుషుల్ని పోగొట్టుకున్నాయి. కూలికి పోతేనే పొయ్యి వెలిగే ఇంట్లో మనిషి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి పోతే ఆ ఇల్లు ఎట్లా గడవాలి?

ఆ బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉంది. లీటరుకి ఒక మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే దిక్కులేకపోతే ఒకటిన్నర దాకా అనీ సర్కారు ప్రమాణం. మించితే ముందు పళ్ళు గారపడతాయి, తర్వాత ఎముకలు వంగుతాయి. పక్కనున్న నల్గొండని చూసినవాళ్ళకి మేం చెప్పక్కర్లేదు. కాచి తాగమనే పెద్దమనుషులున్నారు. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరైన కొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కనవుతుంది.

కిడ్నీలు పోవడానికి ఫ్లోరైడే కారణమా, ఇంకేదైనానా అని డాక్టర్లు వాదించుకుంటున్నారు. వాదించుకోనివ్వండి. శ్రీకాకుళం ఉద్దానంలోనూ కారణం తేలలేదు. అయినా 2023 డిసెంబరులో 700 కోట్ల పథకంతో హిరమండలం నుంచి పైపుల్లో నీళ్ళు తెచ్చారు. మంచినీళ్ళకి డాక్టర్ల తీర్పు అక్కర్లేదని సర్కారుకీ తెలుసన్నమాట. ఎ.కొండూరుకి కృష్ణ నీళ్ళన్న మాట కూడా తండాలు రోడ్డెక్కాకే వచ్చింది.

తండా గోడు మాల, మాదిగ పల్లెలకెందుకని అడిగేవాళ్ళు మనలోనే ఉండొచ్చు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహాద్‌లో దోసిట పట్టింది చెరువు నీళ్ళే. 1985 జూలైలో కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్ళని మురికి చెయ్యొద్దన్నందుకే మర్నాడు ఆరుగురిని చంపారు. ఇవాళ చెరువు కాడ కాపలా లేదు, పైపే ఆ పని చేస్తోంది. ట్యాంకు ఊళ్ళో, పైపు చివర మన పల్లె. ముందు ఇళ్ళవాళ్ళు మోటార్లు పెట్టి లాగితే చివర ధార సన్నబడుతుంది. నీళ్ళు ఆగినప్పుడు ఖాళీ పైపు, మురిక్కాలవలో మునిగున్న అతుకుల సందుల్లోంచి ఆ మురికినే లోపలికి లాక్కుంటుంది. 2024 జూన్‌లో జగ్గయ్యపేట ప్రాంతంలో వాంతులు, విరేచనాలతో జనం ఆసుపత్రుల పాలయ్యారు. మన మెట్టకి అది చాలని హెచ్చరికా?

జలజీవన్ మిషన్ 2019లో పుట్టింది. మనిషికి రోజుకి 55 లీటర్లు, 2024 కల్లా ఇంటింటికీ కుళాయి అన్నారు. గడువు 2028కి జరిగింది. ఎస్సీ, ఎస్టీ వాడలకీ, నీళ్ళు చెడిన ఊళ్ళకీ ముందు ఇవ్వాలని వాళ్ళ రూల్సులోనే ఉంది. కుళాయి బిగించి ఫోటో తీస్తే కాగితంలో నీళ్ళొచ్చినట్టే. మనం మాత్రం కూలి డబ్బుల్లోంచి డబ్బా నీళ్ళు కొనుక్కుంటున్నాం.

వచ్చే గ్రామసభలో సర్పంచినీ, కార్యదర్శినీ నిలబెట్టి అడగండి. మన బోరు నీళ్ళ పరీక్ష కాగితం ఏది? అందులో ఫ్లోరైడు ఎంత? పల్లె గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి. ప్రతి ఊళ్ళో అయిదుగురు ఆడవాళ్ళకి నీళ్ళ పరీక్ష నేర్పి, పెట్టె ఇవ్వాలని కూడా ఆ రూల్సులో ఉంది. మన ఊళ్ళో ఆ అయిదుగురు ఎవరు? వాళ్ళలో మన పల్లె ఆడమనిషి, తండా ఆడమనిషి ఉన్నారా?