టికెట్టు పెట్టిన మామిడితోట

పట్టణమున ఉద్యోగము విడిచి, భార్యాబిడ్డలతో మామిడితోట చేరి, ఆదివారము వచ్చినవారికి తోట చూపి, భోజనము పెట్టి, తలకింత అని రుసుము పుచ్చుకొను కుటుంబముల కథలు ఈ నడుమ పత్రికలలోను సభలలోను ఎంతగా కొనియాడబడుచున్నవో చదువరు లెరుగుదురు. ఆ కుటుంబముల మీద నాకు ద్వేషము లేదు. మట్టిని నమ్ముకొని వచ్చిన వానిని నేను పరాయివానిగా చూడను. కాని మొన్న ఒక సభలో, నూజివీడు ప్రాంతపు రైతులను ఎదుట కూర్చుండబెట్టుకొని, వ్యవసాయము గిట్టుటలేదని ఏడ్చుట మాని మీరును మీ తోటలకు సందర్శకులను పిలుచుకొనుడని ఒక విద్యావంతుడు హితబోధ చేయగా, తక్కిన విద్యావంతులు చప్పట్లు చరచిరి. రైతులు మాత్రము చేతులు కట్టుకొని ఊరకుండిరి.

మామిడితోట ఎట్లు బ్రదుకునో ఆ వక్తకు తెలియదు. అంటు నాటిన నాలుగైదేండ్లకు గాని కాపు మొదలు కాదు. తొలకరికి దుక్కి, ఎరువు. వానలు వెనుకబట్టిన పిమ్మట చెట్టు బెట్టకు వచ్చి పూయుటకై నీరు కట్టకుండ ఆపుట. పుష్యమాసపు చలిలో పూత విచ్చినది మొదలు తేనెమంచు పురుగునకును, బూడిద తెగులునకును, ఈ నడుమ రైతును నిద్రపోనీయని తామరపురుగునకును మందు కొట్టుట. మబ్బు పట్టిన ప్రతి ఉదయమును పూత మాడునేమో యని తల యెత్తి చూచుట. ఇదియంతయు జరుగు కాలమున తోటలోనికి పసిబిడ్డలను రానిచ్చువాడు రైతు కాడు. సందర్శకులు కోరునది కాయ దిగు కొద్ది వారములు మాత్రమే. అప్పుడైనను ఏమి జరుగుచున్నది? కాయను చిక్కముతో, తొడిమ విరుగకుండ, సొన కాయమీద కారకుండ దింపవలయును. సొన కారినచోట మచ్చపడి ఆ కాయ బజారున రెండవ రకమగును. ఆ నేర్పు కోతకూలీకి ఏండ్ల తరబడి చేతికి వచ్చినది. సెలవునాడు వచ్చినవారు కొమ్మ వంచి, పక్వము కాని కాయలు తుంచి, ఒకటి కొరికి పారవేయుచుండగా, ఆ కూలీ ఏమియు అనలేక ప్రక్కన నిలబడి యుండుట నేను చూచితిని.

నా కోపమంతయు ఇంకొకచోట నున్నది. కాయను అమ్మి బ్రదుకలేని తోట కాయను చూపి బ్రదుకుచున్నదనిన, దానిని వ్యవసాయపు విజయమని పండుగ చేసికొనుట యెట్లు? పెట్టుబడికి అప్పు తెచ్చిన రైతు, చేతిలో పైకము లేక, పూతమీదనే తోటను వ్యాపారికి గుత్తకిచ్చి, తాను పెంచిన చెట్ల నడుమ తానే పరాయివా డగుచున్నాడు. అట్లు కాక తెగించి తానే కాయ దింపి మండీకి తోలినచో, తరుగని కొంత, కమీషనని కొంత, హమాలీ యని కొంత, మచ్చలని కొంత పోగా, మిగిలినది బండి కిరాయికి చాలునో చాలదో అని లెక్క చూచుకొనుచు ఇల్లు చేరుచున్నాడు. 2025 వేసవిలో చిత్తూరు సీమలో తోతాపురి తోలిన ట్రాక్టర్లు గుజ్జు కర్మాగారముల ముంగిట రేయింబవళ్లు బారులు తీరి నిలిచినవి. కిలోకు కర్మాగారములు 8 రూపాయలు, ప్రభుత్వము 4 రూపాయలు, వెరసి 12 రూపాయలు దక్కవలయునని నిర్ణయము చేయవలసి వచ్చినది. ఆ బారులో ట్రాక్టరు క్రింద దుప్పటి పరచుకొని పండుకొన్న రైతునకు మన విద్యావంతుని హితబోధ వినిపించి చూడుడు! లక్షల టన్నుల కాయను ఎందరు సందర్శకులు వచ్చి తినిపోవలయును? బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ధరకు పూచీ మాత్రము నేటికిని రాలేదు.

ఈ పొగడ్తలలో మరియొక మనిషి కనబడడు. పట్టణము నుండి వచ్చినవారు కొన్న కాపుతోట ఎవరో నాటినదే గదా. ఆ నాటినవాడు దాని నెందుకు అమ్ముకొనెనో ఏ పత్రికయు అడుగదు. అమ్ముకొన్న తోటకే కాపలాదారుగా కుదిరి, వచ్చినవారికి గేటు తీయుచున్న వృద్ధుని నేనెరుగుదును. ఏ చెట్టు ఏ సంవత్సరము నాటినదో ఆయనకు తెలియును; అతిథులకు ఆ కథ చెప్పువారు వేరొకరు.

మహారాష్ట్రమువారు 2020లో కృషి పర్యాటకమునకు ప్రత్యేక విధానమునే ప్రకటించిరని కొందరు నాకు చెప్పిరి. ఆ విధానము వలన నూజివీడు కాయకు పైసా ధర పెరుగదు. నగరపు బిడ్డలు చెట్టును చూచి నేర్చుకొందు రన్నారు. నేర్చుకొననిండు, దానికి రైతు బ్రదుకుతో ముడి పెట్టవలదు. ఇక హైదరాబాదు చుట్టు తోటల పేర వెలసినవాని సంగతి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ల పరీవాహక ప్రాంతమును కాపాడుటకై 1996లో 111వ జీవో వచ్చి 84 గ్రామములలో కట్టడములను అదుపు చేయగా, ఆ ప్రాంతముననే నాలుగు జామచెట్ల నడుమ ఈతకొలను కట్టి దానిని వ్యవసాయక్షేత్రమని పిలుచుకొన్న సంపన్నులు తలపునకు వచ్చినప్పుడు నాకు మాట తడబడును. వ్యవసాయాదాయమునకు పన్ను లేదన్న మినహాయింపు ఎండలో మాడు రైతునకు దక్కవలసినది. దానిచాటున ఎవరెవరో చేరుచున్నారు.

మరి దారి యేమని అడుగుదురు. ఇటలీలో 1985లో చేసిన శాసనము, సేద్యగాండ్రు అతిథులను ఉంచుకొనవచ్చును గాని సేద్యమే ముఖ్యవృత్తిగా నుండి అతిథిసేవ దానికి అనుబంధముగా మాత్రమే జరుగవలయునని కట్టడి చేసినది. అట్టిది మనకును కావలయును. అంతకన్న ముందు, కాయ దిగక పూర్వమే కర్మాగారములు ధర వ్రాసి యియ్యవలయును. మండీలో తరుగన్న మాట వినబడరాదు. 1999లో రైతుబజారులు పెట్టినప్పుడు కూరగాయల రైతునకు దొరికినపాటి అండ పండ్లతోటల రైతునకును దొరకవలయును. ఇవి యెట్లు సాధించుటయో చట్టములు వ్రాయువారు ఆలోచింతురు గాక. నగరము విడిచి వచ్చిన ఆ కుటుంబములలో చదువుకొన్నవారు, లెక్కలు తెలిసినవారు, అధికారుల ఎదుట జంకక మాటాడగలవారు ఉన్నారు. వారు రాబోవు వేసవిలో ఒక ఆదివారము గేటు మూసి, ప్రక్కతోట రైతు కాయ తోలునాడు అతనితోపాటు మండీకి వచ్చి, కాటా దగ్గర నిలబడవలయునని నేను కోరుచున్నాను.