పంచలో పులి, అలసంద మీద పిల్ల పురుగు

పై వీడియోలో అలసంద మొక్కల దగ్గర కూర్చున్న పిల్లవాడు మా మేనల్లుడు. హైదరాబాదులో ఐదో తరగతి. దసరా సెలవులకు వచ్చాడు. వచ్చిన రోజే వాళ్లమ్మ ఫోన్ పట్టుకుని "మామా, కదలొద్దు, నీ పక్కన పులి ఉంది" అన్నాడు. చూస్తే నిజంగానే, మా పంచలో నా మంచం పక్కనే నిలువెత్తు పులి! తల తిప్పుతోంది, గుర్రుమంటోంది. మా అమ్మ కూడా కళ్లజోడు పెట్టుకుని చూసి తెగ నవ్వింది.

దీన్ని ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటారు, పొట్టిగా ఏఆర్. కెమెరాలో మన ఎదురుగా ఉన్న చోటు కనిపిస్తూనే ఉంటుంది, దాని మీద లేనిదాన్ని బొమ్మగా కలిపి చూపిస్తారు. 2016లో పోకెమాన్ గో ఆటతో పిల్లలందరికీ తెలిసింది. 2019లో గూగుల్ కూడా జంతువుల్ని ఇలా చూపించడం మొదలుపెట్టింది. ఇప్పుడు వీడి బడిలో కూడా దీనితోనే ప్రకృతి పాఠాలు చెబుతున్నారట. పులి, సొరచేప, డైనోసార్ అన్నీ అయిపోయాయి.

మర్నాడు పొద్దున పొలానికి తీసుకుపోయాను. వేరుశనగ చుట్టూ అలసంద వేశాం, దానికి పేనుబంక పట్టింది. పట్టాలనే వేశాం, మిత్ర పురుగులకు అదే మేత కదా. నేను కాలువ దగ్గర ఉన్నాను. వీడు ఆకు తిప్పి చూసి "మామా, చెడ్డ పురుగులు! చంపేస్తున్నా" అని అరిచాడు. నేను చేరేలోపల పుల్లతో నాలుగు నలిపేశాడు. నల్లగా, కాస్త పొడుగ్గా, నారింజ మచ్చలతో, బుల్లి మొసలిలా ఉంటాయి చూడండి, అవి. అక్షింతల పురుగు పిల్లలు!

లేడీబగ్ అంటే వాడికి ప్రాణం. వాడి కంపాస్ పెట్టె మీద కూడా అదే బొమ్మ. కానీ దాని పిల్ల ఎట్లుంటుందో వాడికి ఎవరూ చూపలేదు. పెద్దయ్యేలోపు ఆ ఒక్కో పిల్ల వందల పేనుబంకను తింటుందని చెబితే, చేతిలో పుల్ల కింద పడేసి చాలాసేపు మాట్లాడలేదు.

వాణ్ణి ఏమనగలను? మందులు కొట్టిన రోజుల్లో నేనూ ఇదే పిల్లల్ని చూసి, కొత్త పురుగు పడిందని స్ప్రేయర్ భుజానికెత్తుకున్నవాణ్ణే. మా నాయన ముప్పై ఏళ్లు సేద్యం చేశాడు, ఆయనా చూపలేదు. కాబట్టి "ఫోన్లు వద్దు, మా కాలంలో అన్నీ పొలంలోనే నేర్చుకున్నాం" అనే మాట నేను అనలేను. పొలంలోనే పుట్టి పెరిగి కూడా మనం చూడనివి చాలా ఉన్నాయి.

నా గొడవ ఏఆర్‌తో కాదు, అందులో పెట్టే సరుకుతో. ఇంట్లోకి పులి రావడం సంబరమే, రెండు రోజులు. కానీ కుండీలో మొక్కను వదిలేసి పిల్లవాడి చూపు ఎక్కడెక్కడికో పోతోంది. పైగా ఫోన్‌లో పులి పిలిస్తే వస్తుంది. అక్షింతల పురుగు అట్లా రాదు. పసుపు పచ్చ గుడ్ల గుంపు నుంచి రెక్కల పురుగు దాకా సుమారు మూడు నాలుగు వారాలు పడుతుంది. రోజూ పోయి అదే ఆకు తిప్పాలి. ఆ ఎదురుచూడటమే పాఠంలో సగం అని నేననుకుంటా.

మన కంటికి ఆననివి చూపించమనండి, నేనే ముందు ఫోన్ పట్టుకుంటా. ఆ రోజే ఒక వేరుశనగ మొక్క పీకి వేరు బుడిపెను గోటితో చీల్చి చూపించాను. లోపల గులాబీ రంగు. "రక్తమా మామా?" అన్నాడు. పూర్తిగా తప్పు కాదు, మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్‌కు చుట్టం లాంటి పదార్థమే ఆ రంగుకు కారణం. ఆ రంగుంటే బుడిపె పని చేస్తున్నట్టు. అయితే లోపల రైజోబియం గాలిలోని నత్రజనిని మొక్కకు ఎట్లా అందిస్తుందో నేను మాటలతోనే చెప్పాలి. అక్కడ, ఆ చీల్చిన బుడిపె మీదనే, కెమెరా పెడితే లోపలి పని బొమ్మగా కదిలితే ఎంత బాగుంటుంది! ట్రైకోగ్రామా కూడా అంతే. మిల్లీమీటరు కూడా లేని పరాన్నజీవి, పురుగు గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. ట్రైకో కార్డులు కట్టే రైతులు కూడా చాలామంది దాన్ని కంటితో చూసుండరు.

ఈ దారిలో కాస్త దగ్గరగా వచ్చింది సీక్ అనే యాప్. ఐనాచురలిస్ట్ వాళ్లది, 2018లో వచ్చింది, ఉచితం. మొక్క మీదో పురుగు మీదో కెమెరా పెడితే పేరు చెబుతుంది. ఎదురుగా ఉన్న బతికున్న పురుగు మీదే కెమెరా పెట్టొచ్చు, అందుకే నాకు నచ్చింది. పిల్లవాడు వంగాలి, ఆకు తిప్పాలి, చెయ్యి కదలకుండా పట్టుకోవాలి. మిగిలిన సెలవులంతా వీడు ఆ పనే చేశాడు. సాయంత్రానికి మోకాళ్ల నిండా మట్టి, మా చెల్లెలి చేత తిట్లు.

ఒక్కటే లోటు. మా ఫోన్‌లో పేర్లన్నీ ఇంగ్లీషులోనే వచ్చాయి. అక్షింతల పురుగు అని మా అమ్మ చెప్పాల్సి వచ్చింది. పిల్ల పురుగుకు వేరే పేరుందా అని వాడు అడిగితే ఆవిడ కూడా ఆలోచనలో పడింది. వీడియో చివర్లో ఆ పిల్ల పురుగును దగ్గరగా చూపించాను. మీ ఊళ్లో దాన్ని ఏమని పిలుస్తారో, ఊరు పేరుతో సహా కింద రాయండి. వాడికి ఫోన్ చేసి చెప్పాలి, రోజూ అడుగుతున్నాడు.